నాలుగున్నరకే వచ్చిన రేడియో

మార్చి నెల ఆఖరి ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల ముప్పై రెండు నిమిషాలు. మా బెంగాలీ రైల్వే ఊళ్లో, ఝపటాపూర్ మిఠాయి కొట్టు ముందు నిలబడి సింగారాలు, అదే ఇక్కడి సమోసాలు, కట్టించుకుంటున్నాను. ఫోను మోగింది. "అమ్మా, మీ వంతు వచ్చేసింది. లైవ్‌లో ఉన్నారు, చదవండి" అంది ఇంగ్లండు నుంచి రేడియో అమ్మాయి.



ఇంగ్లండులో తెలుగోళ్లు కొందరు కూడి ఒక రేడియో నడుపుతారు. ఇంటర్నెట్టులో వస్తాది, మేం ఫోనులో వింటాం. ప్రతి ఆదివారం వాళ్లకి మధ్యాహ్నం పన్నెండుకి, మనకి సాయంత్రం అయిదున్నరకి, ఎవరో ఒకరు తాము రాసుకున్నది చదువుతారు. ఆ వారం వంతు నాది. నేను అక్షరాలు నేర్చింది అరవై మూడో ఏట. నేర్పింది హిజ్లీలో ఇంజనీరింగు చదివే తెలుగు పిల్ల. రెండేళ్లు తిప్పలుపడి నోటుబుక్కులో రెండు పేజీలు సొంతంగా రాసినాను. అది చదవాలి. చెప్పడం కాదు, చదవాలి. నోటితో చెప్పడం నాకు పుట్టినకాడ్నుంచీ వచ్చు. దానికి రేడియో ఎందుకు, మా వీధి చాలు.

శనివారమే ఆ పిల్ల చెప్పింది. "అమ్మమ్మా, రేపు ఇంగ్లండులో గడియారాలు గంట ముందుకి తిప్పుతారు. వేసవిలో సాయంత్రం వెలుగు కలిసొస్తుందని ఏటా చేస్తారు. మనకి నాలుగున్నరకే వచ్చేస్తుంది."

"ఏటే, గడియారం తిప్పితే పొద్దు తిరుగుద్దా? రైల్వే వర్క్‌షాప్ సైరనుకి నలభై ఏళ్లు మొగుడికి క్యారేజీ కట్టినదాన్ని. టైం మారాలంటే సర్క్యులర్ రావాలి. నోటిమాటకి మారదు."

"అది రైల్వే కాదమ్మమ్మా, రేడియో."

"ఏదైతే ఏటి? నోర్మూసుకుని అయిదింటికి రా."

మా ఆయన కూడా "కరెక్టే, సర్క్యులర్ లేందే సైరన్ కొట్టరు" అన్నాడు. పెళ్లయినాక మొదటిసారి నా మాటకి ఔనన్నాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

"పుస్తకం ఇంటికాడుంది తల్లీ!" అని ఫోనులో అరిచినాను. కొట్లో అందరూ తిరిగి చూసినారు.

"పర్లేదమ్మా, గుర్తున్నది చెప్పెయ్యండి."

"చెప్పను. చదువుతాను. లేదంటే పెట్టెయ్."

ఆ అమ్మాయి పాటొకటి వేసి మళ్లీ లైన్లోకి వచ్చింది. నవ్వుతోంది. "ఈ గడియారాల మార్పుతో మాకు ఏటా రెండుసార్లు తలనొప్పేనమ్మా. మేం గంట ముందుకి జరిగాం. మా తర్వాత ప్రోగ్రాం విజయవాడ నుంచి వస్తుంది. అక్కడ గడియారం మారదుగా, వాళ్లు ఎప్పట్లాగే మీ ఆరింటికే వస్తారు. అయిదు నుంచి ఆరు దాకా మాకు గంట ఖాళీ. పాటలతో నింపుదామనుకున్నాం. మీరు ఇల్లు చేరండి, అయిదింటికి చేస్తాను. ఎంతసేపైనా చదవండి."

మూడు నిమిషాలిస్తామన్నవాళ్లు ఎంతసేపైనా అంటున్నారు!

"కీ హోలో దీదీ?" అన్నాడు కొట్టు దాదా. ఏమైంది అక్కా అని. దాదా అంటే బెంగాలీలో అన్న. నాకొచ్చిన బెంగాలీ అంతా కక్కేసినాను. రేడియో, చదువు, నిమ్‌పురాలో మా ఇల్లు, అయిదింటికి! దాదా గరిట కింద పెట్టి స్కూటర్ తీసినాడు. సింగారాలు ఒళ్లో, కొంగు గాల్లో. మధ్యలో గేటు పడింది. గూడ్సు బండి. యాభై ఎనిమిది వ్యాగన్లు, ఒక్కోదాన్నీ తిట్టినాను.

ఇంటికాడ ఆ పిల్ల గుమ్మంలోనే ఉంది, నా పుస్తకం ఒక చేత్తో, నా కళ్లద్దాలు ఇంకో చేత్తో. అయిదింటికి రమ్మంటే నాలుగింటికే వచ్చి కూచుందట. "నే చెప్పలేదా" అని ఒక్క మాట అనలేదు. ఆ మాట మా ఆయన అన్నాడు.

అయిదింటికి ఫోను మోగింది. వేలు పెట్టి, అక్షరం అక్షరం చదివినాను.

నేను రాసింది మా క్యారేజీల సంగతి. అన్నీ ఒకే బండిలో వర్క్‌షాప్‌కి పోయేవి, అన్నీ ఒక్కలాగే ఉండేవి. స్టీలు మూతల మీద మొగుళ్ల పేర్లు చుక్కల అక్షరాలతో కొట్టించేవాళ్లం. నాకు చదవడం రాదు గనక క్యారేజీ పిడికి ఎర్రగుడ్డ కట్టి ఆనవాలు పెట్టుకున్నాను. చదువొచ్చినాక ఒకరోజు ఆ మూత చదివితే, దాని మీద మా ఆయన పేరు లేదు. పక్కింటి వదిన మొగుడి పేరుంది! ఏ కుళాయికాడ తోముతుంటే మారిపోయిందో, ఇరవై ఏళ్లు నా కూరకి వాళ్ల మూత కాపలా కాసింది.

ఈ సంగతి అప్పటిదాకా వదినకి చెప్పలేదు. వినడానికొచ్చి నా పక్కనే కూచుంది. ఒక్క ఉదుటున లేచి, "నా మూతే! ఇన్నేళ్లూ నీకాడే పెట్టుకున్నావే దొంగదానా!" అని కేకేసింది.

"నీకాడున్నది నాదేనే! నువ్వు మాత్రం సదివినావా?" అన్నాను.

అదంతా ఇంగ్లండు పోయింది. రేడియో అమ్మాయికి నవ్వాగలేదు. "ఆపకండమ్మా, చదవండి" అంది. రెండు పేజీలూ అయ్యేసరికి అయిదూ ఇరవై. మూడు చోట్ల తప్పినాను. "ఇంకా నలభై నిమిషాలుంది, మళ్లీ చదువుతారా?" అనడిగింది. అడగాలా? మళ్లీ మొదట్నుంచి చదివినాను. ఈసారి ఒక్క తప్పు లేదు.

ఆ రోజు మా ఇంట్లో ఉన్నోళ్లం: నేను, మా ఆయన, హిజ్లీ పిల్ల, మా వంటింట్లోంచి తన మూత తెచ్చి ఒళ్లో పెట్టుకు కూచున్న వదిన, తెలుగు ఒక్క ముక్క రాకపోయినా రెండుసార్లూ ఆఖరిదాకా విని చప్పట్లు కొట్టిన మిఠాయి కొట్టు దాదా.