పన్నెండో గిన్నె

పోయినవి: పన్నెండు గాజు గిన్నెలు, వాటిలో పెంచిన క్యాన్సర్ కణాలు, నాలుగు నెలల పని. పత్తి కాంటా దగ్గర లెక్కలు రాసే నాతోపాటు స్టేషన్ ఘన్‌పూర్‌లో రోజూ రైలెక్కి హైదరాబాదు ప్రయోగశాలకు వెళ్లే పక్క తండా చెల్లె, ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగిన రైలురోకో మూడు రోజులూ పట్టాల మీదే కూర్చుంది.

"నీ రైలు నువ్వే ఆపుకుంటివి గద చెల్లె, గిన్నెలకు మేత ఎవరేస్తరు?"

"రాష్ట్రం రానియ్యి అన్న, గిన్నెలు మల్ల పెట్టుకుంట," అంది, అలవాటుగా చీర అంచుకు అంటుకున్న ఉత్తరేణి గింజ పీకుతూ.

ఆ గింజతోనే నాకు పాఠం చెప్పేది. కణం ఒంటిమీద ప్రోటియోగ్లైకాన్లుంటాయి, అంటే చక్కెర గొలుసులు వేలాడే ప్రోటీన్ కాడలు. పెరగమనే, పాకమనే సంకేతాలు వాటికి ఇలాగే అంటుకుంటాయి.

"గా గొలుసులు కత్తిరిస్తే కణం పాకుడు ఆపుతదా? గదే చూస్తున్న."

రాష్ట్రం దాకా ఆగలేదు; రైళ్లు నడవగానే మళ్లీ పన్నెండు పెట్టి, గొలుసులు కత్తిరించింది. పదకొండింటిలో కణాలు ఆగాయి, పన్నెండో గిన్నెలో పాకుతూనే ఉన్నాయి. లెక్క సరిచూడమని కాగితం నాకే ఇచ్చింది.

"గా ఒక్కటి తీసెయ్యరాదు?"

"పత్తి తూకమా అన్న, తరుగు తీయనీకి?"

రాష్ట్రం వచ్చింది. ఆమె వ్యాసం పన్నెండు గిన్నెలతోనే అచ్చయింది. పన్నెండోది ఎందుకు ఆగలేదో తెలియదని కూడా అందులో రాసింది. లెక్క సరిచూసినవాడిగా నాకు ఆమె బాకీ ఉన్న జవాబు, నేటికీ ఆ ఒక్కటే.