పొద్దున ఏం తిన్నారు సార్

కొత్తగూడ చౌరస్తా దగ్గర, ఒక టిఫిన్ సెంటర్ పైన ఆ సారు ఆఫీసు. ఇప్పటికీ అక్కడే ఉంది. ఉద్యోగానికి పోతూ వస్తూ తలెత్తి ఆ బోర్డు వంక చూస్తాను. చూపులకు కాల్చే శక్తి ఉంటే అది ఎప్పుడో బూడిదయ్యేది. నేను త్వరగా క్షమించే మనిషిని కాను. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. "నీతోని పెట్టుకున్నోడు ఇల్లు ఖాళీ చేసి పోవాల్సిందే" అంటాడు మా ఆయన. ఆ మాట నాకు మెచ్చుకోలుగానే వినిపిస్తుంది.

ఆ సారు అడ్మిషన్ల కన్సల్టెంటు. పేరున్న యూనివర్సిటీలకు పిల్లల దరఖాస్తులు దగ్గరుండి పెట్టించడం ఆయన పని. మాది లింగంపల్లి స్టేషన్ దగ్గరి కాలనీ. నేను హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. అంటే పక్కవాళ్ళు రాసినదాంట్లో తప్పులు పట్టుకోవడానికే నాకు జీతమిస్తారు. అలాంటి నా చెవిలోనే పువ్వు పెట్టాడు మహానుభావుడు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా అమ్మాయి అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. క్లాసంతా ఇంజనీరింగ్ అంటుంటే ఇది మాత్రం చరిత్ర చదువుతానని పట్టుబట్టింది. గోల్కొండ రాళ్ళ దగ్గర నుంచి లింగంపల్లి పాత ఇళ్ళ దాకా దేన్ని చూసినా దానికి ప్రశ్నలే. వేరే రాష్ట్రంలో ఒక యూనివర్సిటీ ఉందని తనే వెతికి పట్టుకుంది. దేశం మొత్తం మీద కొద్దిమందినే తీసుకుంటారు. మార్కులు చూపిస్తే సరిపోదు. చదివిన ప్రతి సబ్జెక్టు గురించీ, ఏ స్థాయిలో చదివారో, ఎంతవరకు వచ్చో ఆన్‌లైన్ దరఖాస్తులో పిల్లలే రాయాలి. ఆ తర్వాత ఇంటర్వ్యూ. ఆ సీటు తప్ప ఇంకేదీ వద్దని కూర్చుంది మా పిల్ల. ఇంజనీరింగ్ ఎంట్రెన్సులకు కట్టనే లేదు.

ఇక్కడ మా వాళ్ళ చదువుల సంగతి ఒకటి చెప్పాలి. మా పిల్ల చదివిన జూనియర్ కాలేజీ మదీనాగూడలో ఉంది. అక్కడ ఎంపీసీలో చేరిన ప్రతివాళ్ళకీ సెకండ్ లాంగ్వేజి సంస్కృతమే. కావాలా అని ఎవరూ అడగరు, వద్దని ఎవరూ అనరు. మన దగ్గర ఇంటర్లో సంస్కృతం తీసుకునేది సంస్కృతం కోసమా? మార్కుల కోసం! పరీక్షలో చాలా జవాబులు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసేయొచ్చు. మిగిలినవి బట్టీ పట్టొచ్చు. మా పిల్లకి నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. సంస్కృతంలో మంచినీళ్ళు అడిగితేనే ఇస్తామంటే మాత్రం దాహంతో పడుకునేది.

దానికా విషయం బాగా తెలుసు. అందుకే దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాసింది: "సంస్కృతం, ప్రాథమిక స్థాయి. చదివితే కొంచెం అర్థమవుతుంది. మాట్లాడలేను." నేను పక్కనే కూర్చుని చూశాను. బాగుందని చెప్పాను. ఆన్‌లైన్‌లో ఎక్కించమని ఆ కాగితాలు సారు ఆఫీసులో అప్పగించి వచ్చాం.

సారు పద్ధతి ఒకటుంది. తన దగ్గరకు వచ్చే ప్రతి పిల్లకీ పిల్లాడికీ దరఖాస్తు ఖాతా తనే తెరుస్తాడు. తన ఆఫీసు మెయిలు, తన ఫోను నంబరు ఇస్తాడు. పాస్‌వర్డు తన దగ్గరే. "పిల్లలు కంగారులో మర్చిపోతారండీ మేడమ్ గారూ. మా దగ్గరుంటే మీకు టెన్షన్ ఉండదండీ" అన్నాడు. ఎంత తియ్యగా అన్నాడో! ఆ తీపికి అక్కడున్న తల్లిదండ్రులంతా తలలూపాం.

ఇంటర్వ్యూ ఒక శుక్రవారం మధ్యాహ్నం. పిల్ల తన గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. నేను ఆ రోజు ఇంటి నుంచే పని చేస్తున్నాను. పనేం లేదు, తలుపు పక్కన నిలబడి వింటున్నాను. చరిత్ర గురించి అడిగారు, గలగలా చెప్పింది. గోల్కొండ గురించి చెబుతుంటే వాళ్ళు నవ్వడం కూడా వినిపించింది. నా ప్రాణం కుదుటపడింది. అప్పుడు వాళ్ళలో ఒక పెద్దావిడ చాలా ముద్దుగా అడిగింది, "అద్య ప్రాతః భవతీ కిం ఖాదితవతీ?"

పొద్దున ఏం తిన్నావమ్మా అని. అంతే. మా పిల్ల నోట మాట లేదు. ఆవిడ ఎదురుచూసింది. మిగిలినవాళ్ళూ ఎదురుచూశారు. ఆ నిశ్శబ్దానికి నేను ఇప్పటికీ ఎవరినీ క్షమించలేదు. చివరకు పిల్ల, తనకు సంస్కృతం మాట్లాడడం రాదని ఇంగ్లీషులో చెప్పింది. "దరఖాస్తులో ఉన్నత స్థాయి అని, ధారాళంగా మాట్లాడగలనని రాశావు కదా?" అన్నారు. తను అలా రాయలేదంది. వాళ్ళు ఆ పేజీ తెర మీద చూపించారు. కింద మా పిల్ల పేరు. చదువు గురించి తప్పు చెప్పిన దరఖాస్తును మేం చూడం, సోమవారం సాయంత్రంలోగా నువ్వే సరిచేస్తే మళ్ళీ ఆలోచిస్తాం అని మర్యాదగానే చెప్పారు.

పిల్ల గదిలో నుంచి బయటికి వచ్చింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "నేను అబద్ధం చెప్పిన్ననుకున్నరు అమ్మా" అంది. ఆ క్షణాన ఆ సారు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

ఫోన్ చేశాను. "మీరే మార్చిండ్రా?" అన్నాను.

"కొంచెం పాలిష్ చేశామండీ మేడమ్ గారూ. ప్రాథమిక స్థాయి అని రాస్తే ఎవరిస్తారండీ సీటు? అందరికీ అలాగే రాస్తామండీ."

"సరే, మీ పాలిష్ మీ దగ్గర్నే ఉంచుకోండి. పాస్‌వర్డ్ ఇయ్యండి. మా బిడ్డ సరిచేసుకుంటది."

"అయ్యో, అలా మారిస్తే తప్పు ఒప్పుకున్నట్టేనండీ. మా మిగతా పిల్లల దరఖాస్తుల మీద కూడా వాళ్ళ కన్ను పడుతుంది. కొంచెం ఓపిక పట్టండి."

పాస్‌వర్డు మర్చిపోయామని నొక్కితే కొత్తది పెట్టుకోవడానికి ఓటీపీ వస్తుంది. అది పోయేది ఆయన ఫోనుకే. సొంత బిడ్డ దరఖాస్తు తెరవడానికి నేను ఆయన కాళ్ళు పట్టుకోవాలన్నమాట. యూనివర్సిటీకి మెయిల్ పెడితే, మార్పు ఖాతాలోనే చెయ్యాలని జవాబు. శనివారం కొత్తగూడ పోయాను. సారు మీటింగులో ఉన్నారంది రిసెప్షన్ అమ్మాయి. ఆయన నవ్వు లోపలి నుంచి బయటి దాకా వినిపిస్తోంది. పళ్ళు నూరుకుంటూ మెట్లు దిగాను.

సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. మరునాడు ఆదివారం కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌసులో ఆయన సెమినారు. నేను మాట్లాడతానని నెల క్రితమే ఒప్పుకున్నాను. "మేడమ్ గారూ, రేపు తప్పకుండా రండి. తల్లిదండ్రుల తరఫున నాలుగు మంచి ముక్కలు చెప్పండి. ఆ తర్వాత ఓటీపీ సంగతి చూద్దామండీ" అన్నాడు.

బేరం పెట్టాడు! నా బిడ్డ పరువు తన జేబులో పెట్టుకుని నాతోనే భజన చేయించుకుందామని! ఫోను పెట్టేసి వంటింట్లోకి పోయి రెండు గిన్నెలు అవసరం కన్నా గట్టిగా కడిగాను. మా ఆయన తలుపు దగ్గరకు వచ్చి, "జర ఆలోచించు. పిల్ల సీటు వాని చేతిల ఉన్నది" అన్నాడు. "ఆలోచిస్తనే ఉన్న" అన్నాను.

పిల్లను పిలిచాను. "బిడ్డా, ఇంటర్వ్యూల ఆమె నిన్నడిగిన ప్రశ్న మగవాళ్ళను అడగాల్నంటే ఎట్ల అడగాలె?"

అది అప్పటికే ఆ ప్రశ్నను తిరగేసి మరగేసి నేర్చుకుని కూర్చుంది. జవాబు కూడా. నాకు ఓపిగ్గా చెప్పింది. నిద్రపోయేదాకా నేను వల్లించాను.

ఆదివారం పొద్దున పెళ్ళికి కట్టే పట్టుచీర కట్టాను. కక్ష తీర్చుకోవడానికి పోయేటప్పుడు మనిషి కళకళలాడుతూ ఉండాలి. పిల్లను ల్యాప్‌టాప్‌తో మొదటి వరసలో కూర్చోబెట్టాను. హాలంతా నాలాంటి తల్లులు, తండ్రులు. సగం మంది మెడలో ఆఫీసు ట్యాగులు ఆదివారం కూడా వేలాడుతున్నాయి. సారు నన్ను పొగిడి, శాలువా కప్పి, మైకు చేతికిచ్చాడు.

నేను ఆయన వైపు తిరిగి, చేతులు జోడించి, గుడిలో పూజారిలా గొంతు సవరించుకుని అన్నాను, "సార్, అద్య ప్రాతః భవాన్ కిం ఖాదితవాన్?"

సారు కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించి తల వంచాడు. ఆశీర్వాద శ్లోకమనుకున్నాడు! హాలంతా చప్పట్లు. వెనక ఎవరో పెద్దాయన "ఆహా" అని కూడా అన్నాడు. అంత ఆనందం నేను నా పెళ్ళిలో కూడా పడలేదు.

చప్పట్లు ఆగేదాకా ఆగాను. "శ్లోకం కాదు సార్. పొద్దున ఏం తిన్నరని అడిగిన" అన్నాను.

ఎవరో నవ్వారు. సారు నవ్వబోయి ఆగిపోయాడు.

"మీరందరు గూడ చప్పట్లు కొట్టిండ్రు" అని హాలు వైపు తిరిగాను. "తప్పు లేదు. మన ఇండ్లల్ల ఎవ్వరికీ రాదు. మా బిడ్డకు గూడ రాదు, మార్కులు మాత్రం తొంభై ఎనిమిది. అది రాదనే రాసింది. ఈ సారు దాన్ని ధారాళంగ వస్తదని మార్చిండు. మొన్న ఇంటర్వ్యూల గిదే ప్రశ్న అడిగితే నా బిడ్డ దొంగ లెక్క కూసున్నది. సరిచేసుకుందామంటే ఓటీపీ ఇయ్యడు. నేను ఈడ ఆయనను మెచ్చుకుంటే ఇస్తడట. మీ పిల్లల దరఖాస్తులు గూడ ఆయన దగ్గర్నే ఉన్నయి గదా. ఏం రాసిండో చూసుకున్నరా?"

హాలులో ఒక్కసారిగా కుర్చీలు కదిలాయి. సారు నా చేతిలో నుంచి మైకు తీసుకోవడానికి వచ్చాడు. నేను ఇవ్వలేదు. "మేడమ్ గారూ, ఇవి పర్సనల్‌గా మాట్లాడుకుందామండీ" అన్నాడు. ఆయన పై పెదవి మీద చెమట పట్టింది. చూసి నా కడుపు చల్లబడింది.

"బిడ్డా, నొక్కు" అన్నాను.

పిల్ల నొక్కింది. సారు జేబులో ఫోను టింగుమంది. మైకు దగ్గరగా ఉంది కాబట్టి హాలంతా విన్నారు.

"చదవండి సార్" అని మైకు ఆయన నోటి దగ్గర పెట్టాను. అందరి కళ్ళూ ఆయన మీదే. ఫోను తీసి, ఒక్కొక్క అంకె, బడిలో ఎక్కం అప్పచెప్పే పిల్లాడిలా చదివాడు. పిల్ల ఆ అంకెలు ల్యాప్‌టాప్‌లో కొట్టింది. ముందు మెయిలు మార్చింది, నంబరు మార్చింది, తర్వాత ఆ ఒక్క పేజీ సరిచేసి పంపింది. నేను వేదిక దిగుతుంటే ముందు వరసలోని ఆడవాళ్ళు సారును చుట్టేసి ఫోన్లు తీస్తున్నారు. "మాదీ తెరవండి. ఇప్పుడే. ఇక్కడే" అంటున్నారు. శాలువా మాత్రం నేను వెనక్కివ్వలేదు. ఇప్పటికీ ఇస్త్రీ బల్ల మీద పరుస్తున్నాను.

వేసవిలో సీటు వచ్చింది. మా ఆయన స్వీట్లు పంచాడు. అక్కడితో నా కసి తీరేదే. కానీ వారం తిరగకుండానే టిఫిన్ సెంటర్ పక్కన మెట్ల దగ్గర ఫ్లెక్సీ వెలిసింది. మా పిల్ల ఫోటో! దరఖాస్తులో పెట్టిన ఫోటోనే. కింద ఇంత లావు అక్షరాలతో, "మా ఆణిముత్యం! చరిత్రలో మేటి, సంస్కృతంలో దిట్ట!"

ఫోన్ చేసి తిట్టాను. అంతా విన్నాడు. "ఆ రోజు ఓటీపీ చెప్పింది నేనే కదండీ మేడమ్ గారూ" అన్నాడు.

మరునాడు పొద్దున్నే పిల్లను వెంటబెట్టుకుని, లావుపాటి నల్ల మార్కరు పట్టుకుని కొత్తగూడ పోయాను. టిఫిన్ సెంటర్లో, రోడ్డు వైపు బల్ల మీద సారు దోసె తింటున్నాడు. మమ్మల్ని చూశాడు. లేవలేదు. జనం ఉన్నారు, లేచి ఏమంటాడు? నేను ఆయన చూస్తుండగానే "దిట్ట"ను అడ్డంగా కొట్టేసి, పక్కన "రాదు" అని రాయబోయాను.

పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "అట్ల రాస్తే అది గూడ తప్పే అమ్మా."

"ఏంది తప్పు?"

"కొంచెం వస్తది నాకు. నేనేం రాసిన్నో అదే రాయి."

నాకు కోపం వచ్చింది. నా కక్షకు కూడా ఇది దిద్దుబాట్లు చేస్తుందా అనిపించింది. అయినా మార్కరు దానికే ఇచ్చాను. "సంస్కృతం: కొంచెం" అని గుండ్రటి అక్షరాలతో రాసి, మూత పెట్టింది. తర్వాత టిఫిన్ సెంటర్ వైపు తిరిగి, చాలా మర్యాదగా, అందరికీ వినపడేలా అడిగింది.

"సార్, అద్య ప్రాతః భవాన్ కిం ఖాదితవాన్?"

ఈసారి ఆయనకు ప్రశ్న అర్థమైంది. దోసె ముక్క చేతిలోనే ఉంది. దాన్ని సంస్కృతంలో ఏమనాలో తెలియాలి కదా! మా పిల్ల తొందరపెట్టలేదు. ఆ శుక్రవారం వాళ్ళు తన కోసం ఎంతసేపు ఎదురుచూశారో అంతసేపూ అక్కడే నిలబడి ఎదురుచూసింది.