పటేలు పెట్టెలో పదకొండు పట్టాలు

ఆ కాగితాన్ని సిద్దమ్మ తన చేతులతోనే తీసుకెళ్ళి పటేలు ఇంట్లో ఇచ్చింది. ఎవరూ గుంజుకోలేదు, ఎవరూ బెదిరించలేదు. ఆమె ఒక్కతే కాదు, వాడ వాడంతా అదే పని చేసింది. మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య రోడ్డు దిగి రెండు మైళ్ళు లోపలికి నడిస్తే వచ్చే ఊరు వాళ్ళది. డెబ్బైల చివర్లో సర్కారు ఆ వాడలో భూమి లేని పదకొండు కుటుంబాలకు గుట్ట కింద తలా ఎకరంన్నర పట్టా ఇచ్చింది. వాడలో ఉన్నవన్నీ తాటాకు గుడిసెలు. వానాకాలం పైనుంచి కారేది, కిందనుంచి చెదలు పట్టేది. పటేలుదేమో బంగళా, లోపల తాళం వేసే ఇనుప పెట్టె. వెండి కడియాలైనా రేషన్ కార్డయినా వాడవాళ్ళు దాచుకునేది అందులోనే. అడిగితే తీసి ఇచ్చేవాళ్ళు కూడా. అందుకే పట్టాలూ అక్కడికే వెళ్ళాయి.

"చదువు లేనోళ్ళు, అంతే మరి" అని తీసిపారేసే పెద్దమనుషులకు ఒక మాట. మీ బంగారం మీరు బ్యాంకులో దాచుకోరా? తేడా ఒక్కటే. మీ బ్యాంకు మేనేజరు కన్ను మీ పొలం మీద ఉండదు.

ఆ ఎకరంన్నర భూమి అనిపించుకునే భూమి కాదు, రాళ్ళ దిబ్బ. సిద్దమ్మా, ఆమె భర్త వీరయ్యా పగలంతా పటేలు పొలంలో జీతం చేసి, తెల్లారకముందు కాసేపు, పొద్దుగూకే వేళ కాసేపు ఆ రాళ్ళు ఏరారు. నాలుగు ఎండాకాలాలు పట్టింది. ఐదో ఏటికి ఆ దిబ్బ చెల్క అయింది, వానకు పండే మెట్ట చేను. జొన్న చల్లారు. తర్వాత కంది, ఆముదం. గట్ల మీద సీతాఫలం చెట్లు వాటంతటవే లేచాయి. కాత కాలంలో సిద్దమ్మ గంప ఎత్తుకుని మేడ్చల్ బస్ డిపో ముందు కూచునేది.

"నా చెల్కల పండ్లు బిడ్డా! కొన్నయి గావు, తెచ్చినయి గావు, నా చెల్కలయే!"

పండు తీపి కన్నా ఆ 'నా' అనే మాట తీపి ఆమెకు.

తొంభై మూడులో వీరయ్య దగ్గు జబ్బుతో పోయాడు. ముండమోపి పింఛను ఇప్పిస్తానని పటేలు ఒక తెల్ల కాగితం మీద సిద్దమ్మ చేత వేలిముద్ర వేయించాడు. పింఛను రాలేదు. అడగ్గా అడగ్గా "పైనుంచి రాలే" అన్నాడు. ఆమె ఆ సంగతే మరిచిపోయింది.

పటేలు కూడా పోయాక పెత్తనం కొడుకు వీరేందర్ చేతికి వచ్చింది. అప్పటికి కొత్త రోడ్డు పడుతుందన్న మాటకే చుట్టుపక్కల భూములకు రెక్కలు వచ్చాయి. కీసర వైపు చేలన్నీ ప్లాట్లవుతున్నాయి. రెండు వేల మూడు ఎండాకాలంలో ఒకనాడు సిద్దమ్మ చేనికి వెళ్ళేసరికి ఆమెదీ మిగతా పదిమందిదీ కలిపి పదకొండు చేల చుట్టూ రాతి కడీలు పాతి ముళ్ళతీగ లాగుతున్నారు. వీరేందర్ జీపుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. పసివాడుగా ఉన్నప్పుడు అతన్ని చంకనేసుకుని తిప్పిన మనిషి ఆమె. అయినా అతనికి ఆమె ఎప్పుడూ 'సిద్ది'యే.

"ఏంది పటేలా, నా చెల్కకు తీగ గుంజవడితిరి?"

"నీ చెల్క ఏడిదే సిద్దీ? మా బాపుకు ఎన్నడో అమ్మితివి గదా."

"నేనా? ఎన్నడమ్మిన?"

"మీ ఆయన పోయిన యాడాది. కాయిదం మీద ఏలుముద్ర గూడున్నది. యాది మర్చినవా?"

"అమ్ముకున్నదాన్నయితే గీ పదేండ్లు నేనే ఎందుకు దున్నిన? నువ్వెందుకు ఊకున్నవ్?"

"పాపమని ఊకున్నం. ఇగ జరుగు, కడీ మీదవడ్తది."

ఆమె అక్కణ్ణుంచి నేరుగా బంగళాకు వెళ్ళింది. వీరేందర్ తల్లి రుక్కమ్మ అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది.

"పటేలమ్మా, నా పట్టా ఇయ్యున్రి."

"ఏ పట్టానే? చెదలు వట్టి అన్ని పాయె."

"ఇనుప పెట్టెకు చెదలా? మా గుడిసెల చెదలున్నయనే గదా మీ ఇంట్ల వెట్టింది. మీ చెదలకు మస్తు తెలివున్నదమ్మా! మీ కాయిదం ఒక్కటి ముట్టలే, మాయే పదకొండు ఏరుకోని తిన్నయి."

రుక్కమ్మ చింతపండు చాట ఎత్తుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

మండలాఫీసుకు పోతే గుమస్తా మొదట అడిగిన మాట "కాగితం ఏది?" అని. కాగితం పోయిందని మొర పెట్టుకోవడానికి వచ్చినదాన్ని కాగితం చూపమన్నాడు! సాగు లెక్కల పుస్తకం పహాణీ తిప్పి చూస్తే, సాగు చేస్తున్నవారి పేరు ఉండాల్సిన చోట తొంభై నాలుగు నుంచి పటేలు పేరే ఉంది. ఆ చేలో ఒక్కనాడు కాలు పెట్టనివాడు ఏటేటా పంట తీసినట్టు సర్కారు పుస్తకంలో రాసి ఉంది. అసలు ఫైలు ఏది అని అడిగితే దొరకడం లేదన్నారు. మూడేళ్ళు తిరిగింది సిద్దమ్మ. తిరిగిన ప్రతిసారీ ఒకనాటి కూలి పోయింది. ఆఫీసులో కూచున్నవాళ్ళకు మాత్రం ఆ రోజుల జీతం ఒక్కటీ తెగలేదు.

సమాచార హక్కు చట్టం వచ్చిన మరుసటి ఏడు, అంగన్‌వాడీ టీచరు రోజారాణి దరఖాస్తు రాసింది. ఆ వాడలో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల ఆమె.

"నీ సర్వే నంబరు ఒక్కటే అడుగుదామా పెద్దమ్మా?"

"పదకొండు మందియి అడుగు బిడ్డా. ఒక్కదాన్నయితే దొక్కేస్తరు."

మూడేళ్ళు దొరకని ఫైలు నలభై రోజుల్లో దొరికింది. రిజిస్టరు నకలులో పదకొండు పేర్లూ వరసగా ఉన్నాయి. అడుగున ఒక షరతు. ఈ భూమిని అమ్మరాదు, కొనరాదు. రోజారాణి దాన్ని రెండుసార్లు చదివి వినిపించింది. వీరేందర్ దగ్గర ఉన్న వేలిముద్ర కాగితం నిజమే అనుకున్నా, ఆ కొనుగోలు చెల్లదు.

ఈ నకలు సంగతి వీరేందర్ చెవిన పడింది. అప్పటికి అతను సర్పంచి. ఓట్లప్పుడు తప్ప వాడ తొక్కని మనిషి పొద్దున్నే దిగాడు. మా ఇష్టంతోనే అమ్ముకున్నామని వేలిముద్ర వేసినవారికి తలా నూరు గజాల ప్లాటు ఇస్తానన్నాడు. అమ్మినవాళ్ళే ఒప్పుకుంటే షరతు సంగతి పైవాళ్ళతో చూసుకోవచ్చని అతని ధీమా.

"అవ్వా" అన్నాడు సిద్దమ్మతో. ఆ పూట ఆమె అవ్వ అయింది. "నూరు గజాలు. రోడ్డు మీది బిట్టు. పక్కా ఇల్లు గట్టుకో."

ఆమె రోజారాణి వైపు తిరిగింది. "బిడ్డా, ఎకరంన్నరకు ఎన్ని గజాలయితయే?"

"ఏడు వేల రెండు వందల అరవై, పెద్దమ్మా."

"ఇన్నవా వీరేందర్?" 'పటేలా' అని పిలవలేదు. "నూరు నువ్వు నాకిచ్చుడేంది? నా దాంట్లకెళ్ళి నేనే నీకిస్త నూరు గజాలు. ఇల్లు గట్టుకో, వాడల మా పక్కకే ఉందువు."

వాడ గొల్లున నవ్వింది. అయినా ఏడు కుటుంబాలు వేలిముద్ర వేశాయి. ఒకరి ఇంట్లో ఆపరేషను, ఒకరు ఆ బంగళాలోనే జీతం. వాళ్ళను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. మిగిలిన నలుగురు ఒకే మాట మీద ఉన్నారు: మేము అమ్మలేదు.

నకలు జతచేసి ఆ నలుగురూ పెట్టిన అర్జీ మీద విచారణకు అధికారి వచ్చాడు, అందరి వాంగ్మూలాలు రాసుకున్నాడు. అమ్మామని ఒప్పుకున్న ఏడుగురూ షరతు తప్పారని వాళ్ళ భూమిని సర్కారు వెనక్కి తీసుకుని బోర్డు పాతింది. భూమే పోయాక ప్లాట్లెక్కడివని వీరేందర్ చేతులు దులుపుకున్నాడు. అమ్మడం తప్పయితే కొనడం తప్పు కాదా? ఆ షరతు పేద బొటనవేలికేనా, పటేలు సంతకానికి తగలదా? దొంగ పహాణీ రాసినవాణ్ణి ఎవరూ పిలిచి అడగలేదు. కొన్నానన్నవాడికి నోటీసు కూడా రాలేదు.

నలుగురికి భూమి తిరిగి ఇస్తూ రెండు వేల ఎనిమిది వేసవిలో ఉత్తర్వు వచ్చింది. కాగితం వచ్చింది గాని కంచె పోలేదు. అప్పీలు వేస్తానని వీరేందర్ చెప్పుకుంటూ తిరిగాడు. మృగశిర వాన పడింది. మర్నాడు పొద్దున సిద్దమ్మ వాడంతా తిరిగి ఆ ఏడిళ్ళ తలుపులూ తట్టింది.

"రాండ్రి. నాలుగు బిట్లల పదకొండిండ్లోళ్ళం ఏసుకుందాం, పండింది పంచుకుందాం."

"ఏ మొకం వెట్టుకోని వస్తమే?" అంది యాదవ్వ. ఆమె వేలిముద్ర వేసినవాళ్ళలో ఒకతె.

"మొకంతోటి ఏం పని? చేతులు దెచ్చుకో, సాలు."

తీగ కోశారు. అరక కట్టారు. ఆముదం విత్తనాలు వేయడం మొదలయ్యేసరికి వీరేందర్ ఎస్సైని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఎవల్నడిగి తీగ గోసిన్రు?" ఎస్సై గద్దించాడు.

"ఆర్డరు టీచరమ్మ తాన ఉన్నది సారూ, సదువుకో" అంది సిద్దమ్మ వంచిన నడుం ఎత్తకుండానే. "మాకు అదును వోతది."

రోజారాణి అందించిన కాగితాన్ని ఎస్సై గట్టు మీద నిలబడి రెండుసార్లు చదివాడు. వీరేందర్ తన చెవిలో ఏదో చెప్పబోతే చేయి అడ్డం పెట్టాడు. అరక వెనక సిద్దమ్మా, ఆమె వెనక యాదవ్వా విత్తనాలు జారవిడుస్తూ సాలు చివరిదాకా వెళ్ళి, మలుపు తిరిగి, వాళ్ళ ముందు నుంచే మళ్ళీ వెళ్ళారు.