నడిపించుకెళ్ళిన సైకిలు

మా బావ కాళ్ళు చేస్తాడు. లారీ కిందపడో, మిల్లులోనో, షుగరు వల్లనో కాలు పోయినవాళ్ళు ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో ఉన్న మా వర్క్‌షాపుకి వస్తారు. తెగగా మిగిలిన కాలి మొండికి ప్లాస్టరు చుట్టి అచ్చు తీయడం నా పని. ఆ అచ్చుని బట్టి కొత్త కాలు మలచడం ఆయన పని. ఆయన కుడికాలు కూడా మోకాలి కింద నుంచి ఆయన చేసుకున్నదే. కొత్తగా వచ్చినవాళ్ళు బెంచీ మీద కూర్చుని ఏడుస్తుంటే బావ ఓదార్పు మాటలేమీ చెప్పడు. ప్యాంటు అంచు కాస్త పైకి లాగి చూపించి, వెళ్ళి వాళ్ళకి టీ పట్టుకొస్తాడు. ఆ టీ తాగేలోపు వాళ్ళ ముఖాలు మారడం నేను ఎన్నోసార్లు చూశాను. దేవుడు అలాంటి చోట్లే తిరుగుతుంటాడని నా నమ్మకం.

ఒక పాలాయనకి కాలు అమర్చిన రోజు ఆయన షెడ్డులో అటూ ఇటూ నడిచి, మురిసిపోయి, చివరికి అడిగాడు.

“అయ్యా, సైకిలు తొక్కగలనా? క్యాన్లు కట్టుకుని తిరిగితేనే నాకు పూట గడిచేది.”

“తెలీదు,” అన్నాడు బావ.

కాలు విషయంలో ఆయన అబద్ధం చెప్పడు. కానీ ఆ మాట అన్నాక ఆ పూట అన్నం కెలికి వదిలేశాడు. తెలియకపోవడానికి కారణముంది. బావ కాలు పోయింది సైకిలు మీద వెళ్తున్నప్పుడే. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి మా అక్క, తన నెత్తిమీద ఆయన చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది, ఇక జన్మలో సైకిలెక్కనని. ఆయన ఎక్కలేదు.

ఆ తర్వాత కొద్దికాలానికే, కొత్తరకం పాదాల అమరిక నేర్చుకు రమ్మని ఆసుపత్రివాళ్ళు మా ఇద్దరినీ విదేశానికి పంపారు. ఒక బేకరీ మీద గది ఇచ్చారు. అక్కడి నుంచి మేం పని నేర్చుకునే వర్క్‌షాపుకి కాలువ గట్టున చదునైన దారి. ఆ దారినిండా సైకిళ్ళే. కోటు వేసుకున్న పెద్దమనుషులు, కూరగాయల బుట్టలతో అవ్వలు, ఉత్తరాలు పంచేవాళ్ళు. బావ మొదటిరోజు గుడి ముందు నిలబడినట్టు చేతులు కట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

“ఇక్కడ కాలు లేనివాళ్ళు కూడా తొక్కుతారట బావా. వర్క్‌షాపులో చెప్పారు,” అన్నాను.

“వాళ్ళ పాదం వేరురా. పాలాయనకి ఉన్నది నేను చేసింది. నేను చేసిన దాంతో తొక్కగలరో లేదో ఎవరో ఒకరు తొక్కితేనే కదా తెలిసేది.”

సెలవురోజు వీధి చివర పాత సైకిళ్ళ దుకాణానికి తీసుకెళ్ళాడు నన్ను. దుకాణం ముసలాయన, బావ ఎత్తు చూసి సీటు దించాడు, గొలుసుకి నూనె వేశాడు, వెనక క్యారియరు ఊడదని తట్టి చూపించాడు. బావ హ్యాండిల్‌ని తాకి చేతులు కళ్ళకద్దుకుని, కొన్నాడు. కొని, నడిపించుకుంటూ బయల్దేరాడు.

“ఎక్కవేం బావా?”

“ఒట్టుంది కదరా.”

“మరి కొనడమెందుకు?”

“చేతిలో ఉంటే ఏదో ఒక దారి తోస్తుందని.”

“అక్కనే అడుగు, తీసేస్తుంది.”

“అడిగి తీయించుకుంటే అది ఒట్టెలా అవుతుందిరా?”

అది మొదలు రోజూ అంతే. అన్నం క్యారేజీ హ్యాండిల్‌కి తగిలించుకుని, సైకిలు పట్టుకుని నడుస్తూ పనికి వెళ్ళేవాడు, నడుస్తూ వచ్చేవాడు. దూడని తోలుకెళ్తున్నట్టుంది అన్నాను. “అదే నన్ను తోలుకెళ్తోంది,” అన్నాడు.

ముసలాయన ఇది చూశాడు. తను అమ్మిన సైకిలు పాడయిందనుకుని, పరుగెత్తుకొచ్చి రోడ్డు మీదే మోకాళ్ళ మీద కూర్చుని చక్రాలు తిప్పి చూశాడు. ఏ లోపమూ కనపడలేదు. గాలి కొట్టి పంపాడు. మర్నాడు మళ్ళీ ఆపి, ఏమీ తీసుకోకుండా కొత్త గొలుసు వేశాడు. బావకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. భాష రాదు. ఒట్టు సంగతి సైగలతో చెబుదామని తన చెయ్యి తీసి నా నెత్తిమీద పెట్టి చూపించాడు. ముసలాయన అర్థమైనట్టు తలూపి, లోపలికెళ్ళి హెల్మెట్టు తెచ్చిచ్చాడు.

ఇక నావల్ల కాలేదు. ఆ రోజు పని మధ్యలో అక్కకి వీడియో ఫోన్ చేసి అంతా చెప్పేశాను.

“కొన్నారా?” అంది అక్క. “కొని, ఎక్కడం లేదా?”

“రోజూ నడిపించుకెళ్తున్నాడక్కా. ఊరంతా నవ్వుతోంది.”

“ఆయనకివ్వు,” అంది అక్క.

బావ దొంగలా ఫోనందుకున్నాడు.

“పాలాయన కోసమేనా?”

“ఊ.”

“ఆయన భార్య క్యాన్లు మోసుకుంటూ నడిచొస్తోందండీ. మనింటికొచ్చేసరికి ఎండెక్కిపోతోంది. రోజూ మంచినీళ్ళిచ్చి పంపిస్తున్నాను.” అక్క చెంగుతో కళ్ళొత్తుకుని, తన నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది. “ఒట్టు తీసి గట్టుమీద పెట్టాను. పడితే నాకు చెప్పకండి. తొక్కితే చెప్పండి.”

మర్నాడు పొద్దున్నే కాలువ గట్టున బావ హెల్మెట్టు పెట్టుకుని సైకిలెక్కాడు. కుడిపాదానికి స్పర్శ ఉండదు కాబట్టి, కిందికి చూసుకుంటూ పెడలు మీద పెట్టాడు. జారింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది. దుకాణం తెరుస్తున్న ముసలాయన తాళాలు అక్కడే వదిలేసి వచ్చి, వెనక నుంచి సీటు పట్టుకుని పరుగెత్తడం మొదలుపెట్టాడు. ఎక్కడ వదిలేశాడో నాకు తెలియలేదు. చూసేసరికి ఆయన రొప్పుతూ దారి మధ్య నిలబడి ఉన్నాడు, బావ మాత్రం దూరంగా వెళ్ళిపోతున్నాడు.

నేను ఆయన చేసిన కాళ్ళు నడవడం చూశాను, మెట్లెక్కడం చూశాను, పెళ్ళిపీటల మీద కూర్చోవడం చూశాను. ఒక కాలు, చేసిన మనిషినే మోసుకుంటూ గాలిలోకి అలా సాగిపోవడం మాత్రం ఎన్నడూ చూడలేదు. నీళ్ళ మీద ఎండ, ఆ ఎండలో ఆయన నీడ. నాకు తెలియకుండానే చేతులు జోడించాను. వంతెన దాటి, అవతలి గట్టు మీదుగా తిరిగొచ్చి నా ముందు ఆగాడు. ఒళ్ళంతా చెమట.

“మడమ కాస్త అరగదీయాలిరా. పెడలుకి అంచు కట్టాలి. పాలాయనకి ఫోన్ కలుపు.”

కలిపాను.

“తొక్కొచ్చు. నేను తొక్కాను,” అన్నాడు బావ.

అవతల నుంచి పాలాయన మెల్లిగా అడిగాడు. “క్యాన్లతో కూడానా అయ్యా?”

బావ ఆలోచనలో పడ్డాడు. “అది తెలీదు. సాయంత్రం చెప్తా.”

ఫోన్ పెట్టేసి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

“నువ్వెంత బరువుంటావురా?”

నేను దేవుడికి ఇంకో దండం పెట్టుకుని క్యారియరు మీద కూర్చున్నాను.