గడప బయటి చీర

నా ముక్కు మంచిదని నాకు చిన్నప్పటి నుంచీ గర్వం. పొరుగింటి పొయ్యి మీద ఉలవలు ఉడుకుతున్నాయో కందులు ఉడుకుతున్నాయో మా గడపలో నిలబడి చెప్పేదాన్ని. అలాంటి ముక్కు పెట్టుకుని, మా అమ్మ పదేళ్లపాటు నా కోసం చేసిన ఒక పనిని పసిగట్టలేకపోయాను. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

మా ఊరు పుంగనూరుకూ రామసముద్రానికీ నడుమ. నాయనకు మెట్ట చేను, బావి కింద కొంచెం మల్బరీ తోట ఉండేవి. ఆ ఆకుతో అమ్మ ఇంట్లోనే పట్టుపురుగులు పెంచేది. ఉన్న ఒక్క పెద్ద గదిలో మూడు వంతులు వాటివి, మిగిలిన వంతు మాది. వెదురు తట్టలు ఒకదాని మీద ఒకటి పైకప్పు దాకా ఉండేవి. అడుగు తట్ట కింద నా ట్రంకు పెట్టె. నమిలిన ఆకు, పురుగుల రెట్ట, గదిలోని చెమ్మ కలిసి ఒక వాసన పుడుతుంది. అది గుడ్డను పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. ఎంత ఉతికి ఎండేసినా, పెట్టెలో రెండు రోజులుంటే చాలు, నా పావడ మడతల్లోకి వచ్చి కూర్చునేది.

డెబ్బైల్లో నేను పుంగనూరులో హైస్కూలు చదువుతున్నప్పుడు, బెంచీ మీద నా పక్కన ఒక అంగడాయన కూతురు కూర్చునేది. మంచి పిల్ల. ఒకరోజు నా వైపు వంగి, "మీ ఇంట్లో పురుగులు మేపుతారా?" అని మెల్లగా అడిగింది.

"మేము కాదు. మా పక్కింట్లో" అన్నాను.

ఆ అబద్ధం ఎంత సులభంగా వచ్చిందో నాకే ఆశ్చర్యం. ఇంటికొచ్చి ఆ కోపమంతా అమ్మ మీద చూపించాను. పుస్తకాల సంచి అరుగు మీద పడేసి, "నా గుడ్డలన్నీ గబ్బు కొడతాండాయి. రేపట్నుంచి నేను బడికి పోను" అని అరిచాను. అమ్మ ఆకు కోస్తున్న కత్తి పక్కన పెట్టి, నా పావడ అంచు పట్టుకుని వాసన చూసింది. మర్నాడు పొద్దున్నే ఆ పావడ దండెం మీద తడిగా వేలాడుతోంది.

మా ఇంట్లో గుడ్డలకు సువాసన పెట్టే దారి లేదు. పట్టుపురుగు ముందు నా ముక్కు ఏ మూలకూ చాలదు. దాని దగ్గర ఊదుబత్తి వెలిగించకూడదు, నశ్యం పీల్చకూడదు, వాసన నూనె తలకు రాసుకుని రాకూడదు. నాయన బీడీ కాల్చుకోవాలంటే బావి గట్టు దాకా పోయి, కాల్చి, చేతులు కడిగి నోరు పుక్కిలించి వచ్చేవాడు. తలలో మల్లెపూలతో అమ్మ ఆకు వెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. ఇవన్నీ నాకు తెలుసు. కలరా ఉండల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే అవి మా ఇంట్లోకి ఎప్పుడూ రాలేదు.

అంగడాయన కూతురి బట్టల నుంచి చల్లటి, ఘాటైన ఒక వాసన వచ్చేది. ఉన్నవాళ్ల ఇళ్ల వాసన అదేనని నేననుకునేదాన్ని. పదో తరగతి పరీక్షలు ముగిసిన రోజు ఆమె కాగితంలో చుట్టి నాలుగు తెల్లటి ఉండలు నా చేతిలో పెట్టింది. "గుడ్డల నడమ ఏస్కో. మా బీరువాలో ఇవే ఏస్తాము" అంది. ఆ పిల్లకు నా అబద్ధం మొదటి రోజే తెలిసిపోయి ఉంటుంది.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఉన్న పురుగుల మీదే నా చదువు ఆధారపడి ఉంది. పట్టు గూళ్లు అమ్మగానే నన్ను మదనపల్లె హాస్టల్లో చేర్చి ఇంటర్ చదివించాలని అనుకున్నారు. పురుగులు అప్పటికే నాలుగో జ్వరం దాటాయి. మేత మాని, తల ఎత్తి, కదలకుండా పాత చర్మం విడిచే దశను మా వైపు జ్వరం అంటారు. నాలుగోది దాటితే ఇక వారం రోజులు ఆపకుండా మేసి గూడు కడతాయి. ఆ వారంలోనే, ఒక సాయంత్రం, నాలుగు ఉండలూ నా పెట్టెలో నాలుగు మూలలా పెట్టాను. మడతలన్నీ చేత్తో సరిచేసి, మూత వేసి, నా అంత తెలివైనది ఊళ్లో లేదనుకున్నాను.

పొద్దున అమ్మ ఆకు గంపతో వచ్చి, తట్ట లాగి అలాగే నిలబడిపోయింది. పురుగులు తలలు పైకెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. కొన్ని పచ్చని నీళ్లు కక్కుకున్నాయి. రాత్రి వేసిన ఆకు వేసినట్టే ఉంది.

"ఈడ ఎవురన్నా బీడీ తాగినారా?" అంటూ నాయన వైపు చూసింది.

"నేను యాడ తాగితినే? నిన్న బాయి కాడ తాగిందే."

"సేతులు కడిగితివా?"

"కడిగితి. కావాలంటే వాసన సూడు" అని నాయన రెండు చేతులూ చాచాడు.

అమ్మ నిజంగానే ఆ చేతులు వాసన చూసింది. ఆయన దోషిలాగా చేతులు చాచి నిలబడ్డాడు. నేను తలుపు పక్కనే ఉన్నాను, నా పెట్టెలోని ఉండలు గుర్తొచ్చాయి. అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ చాచిన చేతులు తలుచుకుంటే నా మీద నాకు కోపం వస్తుంది.

అమ్మ ఒక్కొక్క తట్ట దగ్గరా వంగుతూ కిందికి వచ్చి, నా పెట్టె మూత ఎత్తింది. మరుక్షణం దాన్ని రెండు చేతులా ఎత్తుకుని వీధిలో పెట్టేసి వచ్చింది. కిటికీలు, తలుపులు అన్నీ తెరిచింది. నేను ఏడుస్తూ సాయం చేద్దామని ఆకు గంప పట్టుకోబోయాను.

"నువ్వు ఇంగ ఆకు ముట్టొద్దు. దూరంగా పో" అంది.

తిట్టలేదు, కొట్టలేదు. ఆ ఒక్క మాటే. రోజంతా అమ్మా నాయనా పాత ఆకు తీసి కొత్త ఆకు వేస్తూనే ఉన్నారు. సగం తట్టలు నిలిచాయి, సగం ఎరువు గుంతకు పోయాయి.

గూళ్లు అమ్మిన తర్వాత నాయన, "ఈ ఏడు వొద్దులే. వొచ్చే ఏడు పంపిద్దాం" అన్నాడు.

అమ్మ చేట దించకుండానే, "సగం పంట వొచ్చె గదా. రెండు జతలు కుట్టించాల్సిన కాడ ఒక జత కుట్టిద్దాం. పాప పోనీ" అంది.

అలా నేను ఒక కొత్త జతతో మదనపల్లె వెళ్లాను. వెళ్లే ముందు వారం రోజులు అమ్మ నా పెట్టె మీద పడింది. బూడిదతో తోమి, కడిగి, రెండెండలు ఎండబెట్టి, ఎదురుగా ఉన్న చిన్నమ్మ వాళ్లింట్లో పెట్టించింది. నా గుడ్డలన్నీ బావి దగ్గర ఉతికి, తిరగేసి దండెం మీద వేసింది. ఎండినవి ఎండినట్టే మడవబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వేడి మింద మడిస్తే గుడ్డకు సెమట పడతాది. నీడలో సల్లారనీ."

చల్లారాక మడిచి, పెట్టె అడుగున పాత పేపరు పరిచి, చింతకట్టె బొగ్గులు పాత పంచె గుడ్డలో మూటగట్టి ఒక మూలన పెట్టింది. బొగ్గులకు వాసనేముంటుందని నేను మూతి ముడిచాను.

"గుడ్డకు వాసన పెట్టేది యాల? ఉండే వాసన పోతే సాలదా?" అంది అమ్మ.

మదనపల్లె హాస్టల్లో వానాకాలం వచ్చేసరికి అందరి పెట్టెలూ చెమ్మకు ముక్కిన వాసన కొట్టాయి. పౌడరు చల్లినవాళ్లవి పౌడరు కలిసిన ముక్కిన వాసన. నా పెట్టె తెరిస్తే ఏ వాసనా లేదు, ఉతికిన నూలు వాసన తప్ప. ఒకమ్మాయి అడిగితే చెప్పాను, ఆమె ఇంకొకరికి చెప్పింది. పది రోజుల్లో వంటామె మా గదుల మీదికి వచ్చి, "నా బొగ్గులన్నీ యాడికి పోతాండాయో నాకు తెలియాల" అని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఆ ఏడాది మా హాస్టల్లో ఇడ్లీలు ఆలస్యం కావడానికి కారణం మా అమ్మే.

కానీ ఇంటికి వెళ్లినప్పుడల్లా నా గుండెలో ముల్లు గుచ్చుకునేది. బయటి నుంచి వచ్చిన ఎవరైనా నేరుగా పురుగుల గదిలోకి రాకూడదన్న నియమం మా ఇంట్లో ఉన్నదే. నేను సంచితో గడప దగ్గరికి రాగానే అమ్మ లోపలి నుంచే, "ఆడే ఉండు. తడిక కాడ కోక ఉండాది. నీళ్లు పోసుకోని కట్టుకో" అనేది. స్నానానికి కట్టిన తడిక గుంజకు ఒక మేకు, ఆ మేకుకు అమ్మ పాత నూలు చీర ఒకటి, జాకెట్టు ఒకటి. అవి కట్టుకుని నేను అరుగు మీద కూర్చునేదాన్ని. అక్కడే తినేదాన్ని, అక్కడే పడుకునేదాన్ని. ఇంటి పిల్లను చుట్టపుచూపు మనిషిని చేశారని కుమిలేదాన్ని. అమ్మ ఒక్కసారి "ఆకెయ్యిపో" అంటే చాలు, క్షమించినట్టే అనుకునేదాన్ని. అమ్మ అనేది కాదు. నేనుగా అడగడానికి నా పొగరు ఒప్పుకునేది కాదు.

ఎనభైల మొదట్లో నాకు కుప్పంలో టీచరు ఉద్యోగం వచ్చింది. నేను అద్దెకున్న ఇంటామెది తమిళం కలిసిన తెలుగు. ఆమె తన పట్టుచీరల మధ్య వట్టివేళ్లు కట్టగట్టి పెట్టేది. నాకూ ఒక కట్ట ఇచ్చింది. పెట్టె తెరవగానే తడిసిన నేల వాసన వచ్చేది. నా జీవితంలో మొదటిసారి, గుడ్డకు వాసన పెట్టుకునే స్వేచ్ఛ దొరికింది. బాగుందని ఒప్పుకోవాలి. ఆ సుఖంలో ఊరికి పోవడం తగ్గింది. రెండు నెలలకో, మూడు నెలలకో, చెప్పకుండా పోయేదాన్ని. ఎప్పుడు పోయినా మేకుకు ఆ చీర, గరగరలాడుతూ, అప్పుడే ఎండలోంచి తీసినట్టు ఉండేది. దాని గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అదిగో, అదీ నా ముక్కు సంగతి.

ఒకసారి వారం నడుమ అనుకోని సెలవొచ్చింది. పొద్దున్నే కుప్పంలో బస్సెక్కి, పలమనేరులో మారి, మధ్యాహ్నానికి ఊరు చేరాను. మా ఇంటి వెనకవైపు దండెం మీద ఒకే ఒక చీర ఎగురుతోంది. అమ్మ దాన్ని తిరగేస్తోంది. చిన్నమ్మ తన గుమ్మంలో చెరుగుతూ నన్ను చూసింది.

"నేను వొస్తానని ఉత్తరమేమన్నా వొచ్చినాదా?" అన్నాను, రాయాల్సింది నేనేనన్న సంగతి మర్చిపోయి. "అమ్మ నా కోక ఉతికి పెట్టిందే?"

"ఉత్తరమేందే? వారం వారం ఉతకతాది, నువ్వు వొచ్చినా రాకపోయినా" అంది చిన్నమ్మ. "యా పొద్దు వొస్తావో తెల్దు గదా."

నేను సంచి చిన్నమ్మ గుమ్మంలోనే వదిలేసి దండెం దగ్గరికి పోయాను. అమ్మ చీరను చేతి మీద వేసుకుని నా వైపు తిరిగింది.

"వొచ్చేస్తివా? ఉండు, ఇంకా సల్లారలా" అంది.

ఇద్దరం చూరు నీడలో కూర్చున్నాం. చీర అమ్మ ఒడిలో ఉంది. ఇన్నేళ్ల పొగరు ఆ చీరను చూస్తూ కూర్చోలేకపోయింది.

"యాలమ్మా, వారం వారం ఉతికేది?"

"మేకుకు ఊరికే ఏలాడితే దుమ్ము పడతాది. లోపల పెడితే గబ్బు పడతాది. నీకు గిట్టదు గదా."

"నాకు గిట్టదని ఎవురు సెప్పినారు?"

"నువ్వే సెప్తివి. బడికి పోనని అరిస్తివి గదా. గిట్టకనే గదా, ఈ పదేండ్లూ పురుగుల కాడికి నువ్వు రాంది."

"నువ్వే గదా ఆకు ముట్టొద్దంటివి."

అమ్మ నా వైపు చూసింది. ఆ రోజు ఆమెకు మెల్లగా గుర్తొచ్చినట్టుంది. "ఆ పొద్దు నీ సేతులకు ఉండల గబ్బు ఉండె. ఆ పొద్దుకు ముట్టొద్దంటి. జన్మకంతా అంటినా?"

పురుగుల్ని నా నుంచి కాపాడటానికే ఆ చీర అక్కడుందని నేననుకున్నాను. పురుగుల వాసన నుంచి నన్ను కాపాడటానికి కూడా అమ్మ దాన్ని గడప బయట పెట్టిందని నాకు తట్టనే లేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. అమ్మ చీర మడత విప్పి చెంపకు ఆనించి చూసింది.

"సల్లారె. నీళ్లు పోసుకోని కట్టుకో. నాలుగో జ్వరం దాటినాయి, ఆకు వాడిపోతాండాది. పోయి ఏద్దువురా."

ఆ సాయంత్రం దాకా పై తట్ట నుంచి అడుగు తట్ట వరకూ నేనే ఆకు వేశాను. అమ్మ వెనకాల నిలబడి, ఆకు ఒత్తుగా వేస్తున్నానని రెండుసార్లు కసిరింది. ఆ కసురు నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

మర్నాడు ఆ చీరతోనే కుప్పం బస్సెక్కాను. పక్కన కూర్చున్నామె కాసేపటికి ముక్కు చిట్లించి, కొంచెం అవతలికి జరిగింది.

"మా ఇంట్లో పట్టుపురుగులు ఉండాయమ్మా" అన్నాను. "నాలుగో జ్వరం దాటినాయి."

ఆమె ఎన్ని తట్టలని అడిగింది. పలమనేరు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.