గీడ్నే ఉన్న మామయ్యా

నేను బతికుండగానే నా కోసం సముద్రంలోకి పడవ దింపబోయారు. ఆ పడవను నెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మీరు హాయిగా నవ్వుకోండి. నేను మాత్రం ఇది చెప్పేటప్పుడు తల ఎత్తలేను.

ముందు మా పాతబస్తీ మర్యాద ఒకటి మీకు తెలియాలి. "యాడున్నవ్?" అని ఫోనులో ఎవరడిగినా "గీడ్నే ఉన్న, వచ్చేసిన" అనాలి, అంటే ఇక్కడే ఉన్నాను, వచ్చేశానని. దుప్పటి కప్పుకుని మంచం మీదున్నా అదే మాట. అడిగినవాడూ అప్పటికి లుంగీలోనే ఉంటాడు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. ఏళ్ల తరబడి లాల్‌దర్వాజాలో ఉంటున్నా ఈ మర్యాద వంటబట్టని ఒకే ఒక్క మనిషి మా మామగారు. ఆయన విశాఖ వైపు నుంచి గుమాస్తా ఉద్యోగానికి వచ్చారు. మా ఊరి అలవాట్లలో ఆయనకు అబ్బింది ఇరానీ చాయ్ ఒక్కటే. పొద్దున అది పడందే దేవుడికైనా దణ్ణం పెట్టరు.

రిటైరయ్యాక ఒకరోజు, "మా సముద్రపు కొండల మీద మూడు రోజులు నడిచొద్దాం అల్లుడుగారూ" అన్నారు.

"మస్తు నడుస్త మామయ్యా. లాడ్ బజార్ల మీ బిడ్డ గాజులు బేరమాడుతుంటే ఎనకెనక తిరిగినోన్ని, నాకు కొండ ఓ లెక్కనా?" అన్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను గల్లీ గెలిచి కొండ మొదట్లోనే చతికిలబడ్డాను. రెండో రోజుకే కొత్త బూట్లు మడమలు కొరికేశాయి. జాలర్ల పల్లె దాటి ఎక్కుడు మొదలవగానే, "మీరు నడుస్తుండండి, లేసులు కట్టుకొని వస్త" అని మామగారినీ, నా భార్య లావణ్యనూ, దారి చూపే అప్పారావునూ ముందుకు పంపేశాను. వెనక్కి తిరిగి పల్లెలోని టీకొట్టు బల్ల మీద కూలబడ్డాను. కొండ చుట్టూ రోడ్డుంది. ఆటోలో అవతల దిగి, ఏదో అడ్డదారిన వచ్చానని కోతలు కోద్దామని నా పథకం.

టీ సగంలో ఉండగా లావణ్య ఫోను చేసింది.

"యాడున్నవ్?"

"గీడ్నే, మీ ఎనకనే."

"ఎనక అంటే యాడ? మంచు కమ్మింది, ఏం కనిపిస్తలేదు."

పొద్దున అప్పారావు చెప్పిన రాతి మలుపు గుర్తొచ్చింది. "గా రాతి మలుపు కాడున్న. ఐదు నిమిషాల్ల వస్త" అన్నాను. ఆ మలుపు పక్కన అడుగు తప్పితే నేరుగా సముద్రమేనని కూడా అప్పారావు చెప్పాడట. బూట్లను తిట్టుకుంటూ ఆ ముక్క నేను వినలేదు.

మా గల్లీలో ఐదు నిమిషాలంటే మధ్యాహ్నం దాకా చెల్లుతుంది. మామగారికి ఐదు నిమిషాలంటే ఐదు నిమిషాలే. ఇంతలో నా ఫోను ఛార్జింగ్ అయిపోయింది. నేను నిశ్చింతగా పకోడీలు చెప్పాను.

ప్లేటు ఖాళీ అయ్యేసరికి జాలర్లు ఒడ్డుకు పరుగెడుతున్నారు.

"ఏమైందన్నా?"

"ఎవరో హైదరాబాద్ ఆయన. రాతి మలుపు కాడ జారి సముద్రంలో పడిపోనాడంట. కొండ మీంచి ఫోనొచ్చింది."

"అయ్యో పాపం. పెండ్లాం పిల్లలు ఉన్నరో ఏమో" అంటూ నేనూ వెళ్లి పడవకు భుజం ఆనించాను. పరోపకారంలో నాకు సాటి లేదు. "మనిషి ఎట్లుంటడంట?" అని అడిగాను, ఎక్కడైనా కనబడితే గుర్తుపడదామని.

"ఎర్ర టోపీ, పచ్చ చొక్కా, కొంచెం లావుగా..." అంటూ ఆ జాలరి నా వైపు చూసి ఆగిపోయాడు. పడవ కదలడం కూడా ఆగిపోయింది. నా చేతులు ఇంకా దాని మీదే ఉన్నాయి.

అప్పుడే మామగారు కొండ దిగి వచ్చారు. మోకాళ్లు చెక్కుకుపోయి ఉన్నాయి. మలుపు అంచున బోర్లా పడుకుని, కిందికి నా పేరు పెట్టి పిలిచి పిలిచి ఆయన గొంతు బొంగురుపోయింది. వెనక లావణ్య ఇంకా ఏడుస్తూనే ఉంది. ఆయన నా భుజం తడిమి చూసుకుని, "ఎక్కడున్నారు బాబూ?" అన్నారు.

"గీడ్నే ఉన్న మామయ్యా. పొద్దుగాల నుంచి గీడ్నే ఉన్న."

జీవితంలో మొదటిసారి ఆ మాట నిజమైంది. నా నోటి చుట్టూ పకోడీ నూనె ఉంది. భూమి చీలితే అందులో దిగిపోదామనిపించింది.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. టీకొట్టాయన వేడివేడి గ్లాసు తెచ్చి చేతికివ్వబోతే, "వద్దు బాబూ" అన్నారు. "మలుపు దగ్గర మన లాల్‌దర్వాజా మహంకాళమ్మకు మొక్కుకున్నాను. అల్లుడు ప్రాణాలతో కనబడితే ఈ జన్మలో మళ్లీ టీ ముట్టనని."

టీ తాగుతూ అబద్ధమాడింది నేను. టీ మానేసింది ఆయన.

ఇప్పటికీ ఆదివారాలు నాతోపాటు ఇరానీ హోటలుకు వస్తారు. నాకు చాయ్, తనకు మంచినీళ్లు చెబుతారు. నా కప్పు మీదికి కొంచెం వంగి, "వాసన మొక్కులో లేదు కదా అల్లుడుగారూ" అంటారు. ఆ చాయ్ సగంలోనే వదిలేస్తాను.

అందుకే నేనూ అదే అమ్మవారి ముందు కొబ్బరికాయ కొట్టి ప్రమాణం చేశాను, ఎక్కడుంటే అక్కడే ఉన్నానని చెబుతానని. మొన్న లావణ్య మాదన్నపేట మార్కెట్లో కూరల సంచులతో ఎండలో నిలబడి ఫోను చేసింది.

"యాడున్నవ్?"

"మంచం మీద. ఇంకా లేవలే."

ఆ రోజు ఇంట్లో జరిగిన లొల్లి మీకు చెప్పను. ప్రమాణం మాత్రం తప్పలేదు.