లిఫ్టు పిల్ల, కఫీల్ దగ్గు

ఆ పిల్ల నోరు తెరిస్తే నేను మూసుకునేవాణ్ణి. మిగతా సినిమా అంతా నా నోరే.

సౌదీలో, బురైదా అనే ఊళ్ళో మా గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం. నేను ఏసీ మెకానిక్‌ని. నిర్మల్ నుంచి వచ్చిన కాకా ప్లంబరు. వీసాలిచ్చి మమ్మల్ని తెప్పించుకున్న యజమానే మా కఫీల్. హైదరాబాదు భాయ్ ఆయన బండి నడిపేవాడు. అరబ్బీ దంచి కొట్టేవాడు కాబట్టి కఫీల్ చెప్పింది మాకూ, మేం చెప్పింది కఫీల్‌కీ మోసే పని కూడా ఆయనదే.

దేశం వదిలిపోతున్న ఒక ఇంజనీరు ఇంట్లో ఏసీ దించుతుంటే చెత్తడబ్బా పక్కన నాకొక డిస్క్ దొరికింది. అట్ట మీద నోరు బార్లా తెరిచిన పిల్ల, పదహారేళ్ళుంటాయేమో. మా తాతల కాలంనాటి హాలీవుడ్ సినిమా. నలుపు తెలుపు, నిండా పాటలు, కామెడీ. ఊళ్ళో సినిమా హాలన్న మాటే లేని రోజులు. అలాంటిది దొరికితే వదులుతానా?

చిక్కల్లా ఇంగ్లీషుతోనే. నా ఇంగ్లీషు నేను బడి మానేసిన రోజే నాతోపాటు గోడ దూకి ఎటో పోయింది. కాకాకి ఆ మాత్రం కూడా లేదు. అందుకని శుక్రవారం తిండి అయ్యాక ఒక పద్ధతి పెట్టుకున్నాం. మాటలొచ్చినప్పుడు టీవీ శబ్దం ఆపేసి అందరి మాటలూ నేనే తెలుగులో చెప్పాలి. పిల్ల పాట మొదలవగానే శబ్దం పెంచి నేను ఊరుకోవాలి. పాట జోలికి పోవద్దని కాకా ఆజ్ఞ.

"నువ్వెన్ని కూతలన్న కుయ్యిరా. పోరి పాడేటప్పుడు మాత్రం నోర్ముయ్యి" అనేవాడు.

ఆ పిల్ల పెద్ద హోటల్లో లిఫ్టు నడుపుతుంది. లిఫ్టు అంతస్తులెక్కుతుంటే ఆమె గొంతూ ఎక్కుతుంది. పై అంతస్తు చేరేసరికి కాకా గుండె మీద చెయ్యి వేసుకునేవాడు. హోటల్ యజమాని బట్టతల ముసలాయన, పాటంటే మండిపడతాడు. అసలు కథ ఏమిటో దేవుడికెరుక. నా కథలో మాత్రం ఆ యజమాని పిల్లకి కఫీల్. ఎదురు వీధి నాటకశాలలో ఆమెకు పాడే కొలువు దొరికింది. కఫీల్ తనాజుల్ ఇవ్వడు. అంటే, వేరే చోటికి మారడానికి ఒప్పుకోడు.

ఆ బట్టతలాయనకి మా కఫీల్ గొంతే పెట్టాను. మా కఫీల్‌కి ఒక అలవాటుంది. కాదని చెప్పే ముందు రెండుసార్లు దగ్గుతాడు. ఒక్క దగ్గైతే దుమ్ము. రెండు దగ్గులైతే ఇక అడగడం దండగ. సెలవు, కొత్త నిచ్చెన, గదికి గీజరు... అన్నీ ఆ రెండు దగ్గుల్లోనే కొట్టుకుపోయాయి.

అప్పుడే నితాకత్ అనే కొత్త రూలు వచ్చి పడింది. సౌదీ మనుషులు ఎందరు పనిచేస్తున్నారో చూసి దుకాణాలకు రంగులు కట్టడం మొదలుపెట్టారు. చాలినంత మంది ఉంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. మా మరమ్మతుల దుకాణంలో సౌదీ మనిషి కఫీల్ ఒక్కడే, ఆయనా పని చేయడు. ఇంకేముంది, ఎరుపు! ఎరుపులో పడితే ఇఖామా, అదే దేశంలో ఉండనిచ్చే కార్డు, మళ్ళీ పొడిగించరు. ఇఖామా లేకుండా రోడ్డెక్కితే పట్టుకుని ఇంటికి పంపిస్తారు. జిజాన్‌లో ఆకుపచ్చ కంపెనీ ఒకటి నన్నూ కాకానీ తీసుకుంటానంది. ఎరుపు దుకాణం వాళ్ళకి కఫీల్ ఒప్పుకోలు అక్కర్లేదు, చట్టం ఉందని కొందరన్నారు. ఉండొచ్చు. మా పాస్‌పోర్టులు మాత్రం చట్టం దగ్గర లేవు, కఫీల్ బీరువాలో ఉన్నాయి. భాయ్ చేత అడిగించాం. చూద్దామన్నాడట.

"దగ్గిండా?" అని అడిగాడు కాకా.

"నై, ఇంకా దగ్గలే" అన్నాడు భాయ్.

ఆ ఒక్క ఆశతో ఉన్నాం.

ఆ శుక్రవారం నేను మంచి ఊపు మీదున్నాను. భాయ్ జుమ్మా నమాజుకు వెళ్ళి ఇంకా రాలేదు. తెర మీద పిల్ల చేతులు జోడిస్తోంది. నేను రెండుసార్లు దగ్గి, గొంతు బొంగురు చేసి అందుకున్నాను. "తనాజుల్? నీకు తనాజులిస్తే నా లిఫ్టు ఎవరు మోస్తరు, మీ అయ్య మోస్తడా?"

కాకా నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. నా తల మీదుగా ఎటో చూస్తున్నాడు. నా ప్రతిభకి మాట పడిపోయిందనుకుని ఇంకో రెండు దగ్గులు వేశాను. వెనకాల నుంచి ఇంకో దగ్గు వినిపించింది. అచ్చం నాలాగే ఉంది.

తిరిగి చూస్తే గుమ్మంలో కఫీల్. పక్కన కబ్సా అన్నం పొట్లాలతో భాయ్.

కఫీల్ నన్ను చూడలేదు. టీవీనే చూస్తున్నాడు. శబ్దం పెంచమని వేలితో సైగ చేశాడు. పిల్ల పాట మొదలైంది. ఆయన వెళ్ళి కాకా మంచం మీద కూర్చున్నాడు. పాట మూడో అంతస్తు చేరేసరికి కఫీల్ కూనిరాగం తీస్తున్నాడు! బండిలో భాయ్ పాట పెడితే ఆపించే మనిషి. కాకా నా చెయ్యి గిల్లాడు. కల కాదు.

పాట అయ్యాక కఫీల్ ఏదో చెప్పాడు. భాయ్ కూడా నోరు వెళ్ళబెట్టే మాకు చెప్పాడు. "చిన్నప్పుడు తూర్పు దిక్కు చమురు ఊర్ల ఉండెనంట. అక్కడ అమెరికోళ్ళ టీవీల గిట్లాంటి పిక్చర్లు వచ్చేటియంట. పోరీలు అరబ్బీల మాట్లాడేటోళ్ళంట మియా! గిప్పుడు అడుగుతుండు, ఆ బట్టతలాయన గొంతు ఎవరిదని."

వద్దు భాయ్, నీ కాళ్ళు మొక్కుతా అని కళ్ళతోనే బతిమాలాను.

"జుమ్మా చదివొచ్చిన. ఝూట్ ఎట్ల చెప్పాలె?" అంటూ భాయ్ మొత్తం చెప్పేశాడు. దగ్గులతో సహా.

మళ్ళీ చేయమన్నాడు కఫీల్. ఎలాగో రెండు దగ్గులు దగ్గాను. కఫీల్ ఒక్క క్షణం బిగుసుకుపోయి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. తల గుడ్డ కొసతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ నవ్వులోనే కాకాకి తనాజుల్ ఇచ్చేశాడు. వెళ్ళు, జిజాన్ వెళ్ళు అన్నాడు. నేను పళ్ళికిలించుకుని నా వంతు కోసం ముందుకు జరిగాను.

కఫీల్ రెండుసార్లు దగ్గాడు.

"నువ్వు ఉండాలంట" అన్నాడు భాయ్ మెల్లగా. "వచ్చే శుక్రవారం డిస్క్ పట్టుకుని తోటల ఇస్తిరాహాకు రావాలంట. దోస్తులకు చూపిస్తడంట నిన్ను."

కోతి వేషాలకి బడిలో దెబ్బలు తిన్నాను, పనుల్లోంచి గెంటేశారు. వేషం బాగుందని బంధించిన వాళ్ళు మాత్రం అంతవరకు లేరు. ఆ మధ్యాహ్నమంతా గోడ వైపు తిరిగి పడుకున్నాను. కాకా కబ్సా ముట్టలేదు.

"నీ నోరే నీకు కఫీలైంది గదరా" అన్నాడు.

వారం తిరిగేసరికి ఆ విడిదిలో, ఖర్జూర తోట మధ్యలో తివాచీల మీద కఫీల్, ఆయన ఈడు ముసలాళ్ళు. ముందు టీవీ, పక్కన నేను. ఈసారి అరబ్బీలో చెప్పాలి. పనిలో ఏరుకున్న ముక్కల అరబ్బీ నాది. తప్పు పలికినప్పుడల్లా వాళ్ళు తొడలు చరుచుకుని నవ్వారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆఖరి సీను వచ్చింది. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల పిల్ల, యజమాని. పిల్ల పాడింది. నేను నోరు మూసుకున్నాను. పాట అయ్యాక యజమాని మొహం కరిగి పెదాలు కదిపాడు.

భయమంతా మింగేసి, కఫీల్ గొంతుతో ఒక్కసారి దగ్గాను. అందరూ రెండో దగ్గు కోసం ఎదురుచూస్తున్నారు. దగ్గలేదు. "వెళ్ళు పిల్లా. ఇదిగో తనాజుల్" అన్నాను, అంతే.

ముసలాళ్ళు నవ్వడం ఆపి కఫీల్ వైపు తిరిగారు. గడ్డానికి గోరింట పెట్టుకున్న ఆయనొకడు ఏదో అన్నాడు. నీకంటే ఆ బట్టతలాయనే నయమన్నాడని తర్వాత భాయ్ చెప్పాడు.

కఫీల్ మొహం ఎర్రబడింది. దగ్గాడు. నేను ఊపిరి బిగపట్టాను. గహ్వా, అదే అరబ్బు కాఫీ, పోసేవాడు కూజాతో వంగాడు. కఫీల్ చాలన్నట్టు కప్పు అటూ ఇటూ ఊపి, నా వంక చూసి గడ్డం పైకెత్తాడు. పొమ్మని.

రెండో దగ్గు రాలేదు. నేను మాత్రం గేటు దాటేదాకా వింటూనే నడిచాను.

కఫీల్ నా పాస్‌పోర్టు ఇచ్చి డిస్క్ ఉంచుకున్నాడు. జిజాన్ చేరాక భాయ్ ఫోన్ చేశాడు. శుక్రవారాలు కఫీల్ టీవీ శబ్దం ఆపేసి, బట్టతలాయన మాటలు తనే చెబుతున్నాడట.

నేను నమ్మలేదు. "మరి దగ్గు?" అని అడిగాను.

"దగ్గుతుండు గాని" అన్నాడు భాయ్, "నీ అంత మంచిగ వస్తలేదు మియా."